మూడో నంబరు బోటు మీది లకుముకి పిట్ట

నేను ఇరవై ఆరేళ్లు బోట్ల మిస్త్రీగా పనిచేసి రిటైరయ్యానంటే మా పాలమూరులో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "తాగనీకే నీళ్లు దొరకని జిల్లాల బోట్లేందన్నా, పరాచికమా?" అంటారు. వాళ్ల తప్పేం లేదు. మొదట్లో నాకూ నవ్వే వచ్చింది. నేను నేర్చుకున్నది షాద్‌నగర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఫైబర్ నీళ్ల ట్యాంకులు చేయడం. ఆ ఫ్యాక్టరీ మూతపడితే, బోట్లకు ఫైబర్ పని తెలిసిన మనిషి కావాలని ఎవరో చెప్పగా పోయాను. "పని ఒక్కటే. ట్యాంకుకు నీళ్లు లోపట ఉంటయి, బోటుకు బయట ఉంటయి. గంతే ఫరకు" అని నన్ను చేర్చుకున్న మేనేజరు అన్నాడు. సర్వీసంతా ఆ మాట గుర్తుపెట్టుకొనే పనిచేశాను. బయటి నీళ్లు లోపలికి రాకుండా చూడటమే నా ఉద్యోగం.

దేవరకొండ దాటి ఇంకా లోపలికి పోతే గుట్టల నడుమ ఒక జలాశయం ఉంది. దాని ఒడ్డున మా బోటింగ్ యూనిట్. ఆరు ఫైబర్ బోట్లు, ఒక జెట్టీ, టికెట్ల గది, వెనక నా రేకుల షెడ్డు. చోటు పేరు, ఆఫీసు పేరు, మనుషుల పేర్లు రాయను. కొందరు ఇంకా నౌకరీలో ఉన్నారు. అయినా అక్కడ మేము పేర్లతో పిలుచుకున్నది తక్కువే. డ్రైవర్లను బోటు నంబరుతో పిలిచేవాళ్లం. ఒకటో నంబరు వచ్చిండా, నాలుగో నంబరు చుట్టీ మీద ఉన్నడా, ఇట్లా. నన్ను మాత్రం మిస్త్రీ అనేవారు.

ఫైబర్ పనికి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఫోనులో అప్పుడప్పుడు అడుగుతుంటారు, స్టిక్కర్ తీస్తే గీతలు పడకుండా ఎట్లా, జిగురు పోవాలంటే ఏం రుద్దాలి అని. చెబుతుంటాను. కానీ ఒక్కసారి నేను తీసిన ఒక్క స్టిక్కర్ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

నా కాపురం ఆ షెడ్డు వెనక గదిలోనే. నా భార్య షాద్‌నగర్‌లో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేది. బిడ్డ చదువు కూడా అక్కడే. నెలకు రెండు సోమవారాలు నేను పోయేవాణ్ని. మా సంసారం అంతా బస్సుల్లోనే నడిచిందని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. శని, ఆదివారాలు జెట్టీ మీద జాతరలా ఉండేది. మిగతా రోజులు గాలి, నీళ్లు, తాళ్లకు కట్టిన బోట్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు. సందర్శకులు డ్రైవరుతో ఫొటో దిగుతారు, టికెట్లిచ్చే అతనితో గొడవ పెట్టుకుంటారు. మిస్త్రీతో ఎవరికీ పని ఉండదు. కొన్ని వారాలు నేను ఒక మనిషితో మాట్లాడేది మధ్యాహ్నం అన్నం వేళ మాత్రమే. ఆ మనిషి మూడో నంబరు.

అతను బెస్తవాళ్ల బిడ్డ. జలాశయం కట్టినప్పుడు అతని తాతల ఊరు నీళ్లలో పోయింది. మునిగిన ఊరికి ఎగువన గుట్ట మీద ఇచ్చిన ఇండ్లలో పుట్టి పెరిగాడు. నాకంటే మూడేళ్లు చిన్న. మాట తక్కువ. ఒక్క విషయంలో మాత్రం గర్వం ఉండేది. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు అడుగున ఉన్న గోడలు, బావుల గట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కొత్త డ్రైవర్లు వస్తే వాళ్లను కూర్చోబెట్టుకొని తిప్పి చూపించేవాడు. అతను జొన్నరొట్టెలు, చేపల పులుసు తెచ్చేవాడు. నేను అన్నం వండేవాణ్ని. షెడ్డులో బోరగిలేసిన బోటు నీడన కూర్చొని తినేవాళ్లం. పన్నెండేళ్లు అట్లా తిన్నాం. మేం మాట్లాడుకున్నదంతా రాస్తే నాలుగు పేజీలు కూడా రాదేమో.

ఇంకొక సంగతి ముందే చెప్పాలి. ఈ కథకు కొన్నేళ్ల ముందు, అప్పటి ఒకటో నంబరు డ్రైవరు తాగి బోటెక్కాడు. నేను చూశాను. మేనేజరుకు రాసిచ్చాను. అతని నౌకరీ పోయింది. నేను చేసింది తప్పని ఎవరూ అనలేదు. నేనూ అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. కానీ ఆ తర్వాత నేను షెడ్డులోంచి జెట్టీ మీదికి వస్తే అక్కడి మాటలు ఆగిపోయేవి. బీడీలు ఆరిపోయేవి. అందరూ తాళ్లు సర్దుకునేవారు. మూడో నంబరు ఒక్కడే మానకుండా అన్నం వేళకు వచ్చేవాడు. అందుకే అతని మీద నాకు ఒక రకమైన హక్కు ఉందనుకున్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటేడు పైనుంచి ఆర్డరు వచ్చింది. బోట్ల మీద పాత పేరు, పాత గుర్తు, పాత బొమ్మలు అన్నీ తీసేయాలి. కొత్త స్టిక్కర్లు హైదరాబాదు నుంచి చుట్టలు చుట్టి వచ్చాయి. జెట్టీకి రంగులు వేశారు. పెద్దసారు వచ్చి ఆరు బోట్లకు జెండా ఊపుతారు, బడిపిల్లలను ఎక్కించి తిప్పుతారు అన్నారు. నాకు పన్నెండు రోజుల గడువు.

స్టిక్కర్ తీయడం ఓపిక పని. ఎండకు కాలి కాలి అవి పెచ్చుల్లా అయి ఉంటాయి. గోటితో లాగితే గోరు పోతుంది గానీ స్టిక్కర్ రాదు. వేడిగాలి గన్నుతో కొంచెం కొంచెం వెచ్చచేసి, మెత్తబడిన అంచు కిందికి ప్లాస్టిక్ స్కేలు పోనిచ్చి, తొందరపడకుండా వెనక్కి మడుస్తూ లాగాలి. గన్ను ఒకేచోట ఆగితే బోటు మీద నునుపుగా ఉండే పైపొర, దాన్ని మేము జెల్ అంటాం, అది పొక్కిపోతుంది. తర్వాత మిగిలిన జిగురుకు కిరసనాయిలు గుడ్డ, దాని జిడ్డుకు సబ్బునీళ్లు. ఇంత చేసినా పాత అక్షరాలు నీడలా కనబడుతూనే ఉంటాయి. చూడవచ్చిన వాళ్లలో ఒకరిద్దరు దానికి పెద్ద పెద్ద అర్థాలు చెప్పారు. నాకు తెలిసిన అర్థం ఒకటే. ఎండ తగిలిన జెల్ పసుపెక్కుతుంది, స్టిక్కర్ కింద ఉన్నది ఎక్కదు.

ఒకటి, రెండు, నాలుగు, అయిదు, ఆరు అయిపోయాయి. మూడో నంబరు బోటు చివరికి వచ్చింది. అప్పటికి ఓపెనింగుకు నాలుగు రోజులే ఉన్నాయి.

దానికి ముందుభాగంలో ఎడమపక్క పెద్ద లకుముకి పిట్ట బొమ్మ ఉండేది. మిగతా బోట్ల మీది పిట్టలు రంగు వెలిసిపోయాయి. ఇది మాత్రం ఇంకా నీలంగా ఉంది. రెండేళ్ల కిందట పాతది చిరిగిందని మూడో నంబరు స్టోరులో అడిగి కొత్తది తెచ్చి తనే వేసుకున్నాడు. బోటు మీద ప్రేమ అనుకున్నాను. ఆ పొద్దున తోకవైపు నుంచి వెచ్చచేసి లాగితే సుఖంగా వచ్చింది. కడుపు దగ్గరికి వచ్చేసరికి స్టిక్కరుతో పాటు కింద ఏదో పెచ్చులుగా ఊడి వచ్చింది. చేతిలో నలిపి చూశాను. కార్లకు సొట్టలు పూడ్చే పుట్టీ.

గన్ను ఆర్పి కింద పెట్టాను. మిగతా పుట్టీని స్కేలుతో మెల్లగా గీకాను. మూరెడు పొడవున పగులు. జెల్ మీద వెంట్రుకల్లాంటి గీతలు ఎండకు ఎప్పుడూ పడుతుంటాయి, వాటికి భయపడనక్కర లేదు. ఇది అది కాదు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి చుట్టూ తట్టాను. బాగున్న ఫైబర్ టక్కుమని పలుకుతుంది. ఇది రెండు జానల వెడల్పున డొల్లగా, చచ్చిన చప్పుడు చేసింది. లోపలి పొరలు విడిపోయాయి. పుట్టీ, స్టిక్కరు, ఆ రెండే అన్నాళ్లు నీళ్లను ఆపాయి. రెండు ఎండాకాలాలు, సెలవు రోజుల జనం, చంకలో పసిపిల్లలతో ఎక్కే తల్లులు, అందరూ ఆ పిట్ట బొమ్మ వెనకే కూర్చున్నారు.

స్టూలు లాక్కొని అక్కడే కూర్చున్నాను.

మధ్యాహ్నం అతను అన్నం డబ్బాతో వచ్చాడు. నేను వండలేదు. బోటు పక్కన స్టూలు మీద కూర్చొని ఉన్నాను. అతను నన్ను చూశాడు. తర్వాత బోటును చూశాడు. డబ్బా మెల్లగా కింద పెట్టాడు.

"ఎప్పుడు జూసినవే అన్నా?"

"పొద్దుగాల. ఏంది తమ్మీ ఇది?"

అతను గొంతుక్కూచున్నాడు. నేల మీద వేలితో గీతలు గీశాడు. "మొన్నటి ఎండాకాలం గాదు, దానికి ముంగటి ఎండాకాలం. నీళ్లు బాగ దిగినయ్ గద. పొద్దుమీకి ఆఖరి ట్రిప్పు దించి వస్తున్న. బోట్ల ఎవ్వలు లేరు. మా ఊరి బడిగోడ మీద గుద్దిన."

"నీకు ఎరుకలేని గోడనా?"

"ఎరుకే. దినాం దాని పక్కపొంటి వోయేదే. ఆ పొద్దు యాడ మతి వెట్టిన్నో." "అందరికీ సూపెట్టి చెప్పేటోణ్ని గదన్నా, గీడ గోడున్నది, గాడ బావున్నదని. నేనే గుద్దిన్నని ఏ మొకం వెట్టుకొని చెప్పాలె?"

"వాళ్లకు చెప్పకు. నాకెందుకు చెప్పలె? ఫైబర్ పని నాది గాదా? వారం పది దినాలల్ల కట్టేద్దును గదరా."

అతను తలెత్తలేదు. "నీకు చెప్తే రాస్తవు గదన్నా" అన్నాడు.

తిట్టినట్టు అనలేదు. రేపు వాన పడుతుంది గదా అన్నంత మామూలుగా అన్నాడు. పన్నెండేళ్లు ఒకే కూర పంచుకున్న మనిషికి నేను కూడా ఒక గోడనే అన్నమాట. ఎక్కడ ఉన్నదో గుర్తుపెట్టుకొని తప్పుకొని పోవాల్సిన గోడను.

కోపంతో అన్నాను: "రెండేండ్లు జనాన్ని ఎక్కిచ్చుకొని తిరిగినవ్. పసిపోరగాండ్లుంటరు దాంట్ల."

"దినాం పొద్దుగాల, పొద్దుమీకి లోపటికెళ్లి చెయ్యి వెట్టి చూస్తుంటి. తడి తగిలితే ఆపుదామనుకున్న. తగలలె. నిద్ర వడుతలేదన్నా నాకు, అప్పటిసంది."

ఆ రోజు ఇద్దరం తినలేదు. అతను డబ్బా తీసుకొని పోయాడు.

ఇక్కడిదాకా నా భార్యకు కూడా చెప్పాను. ఇప్పుడు రాసేది చెప్పలేదు.

ప్రతి ఏడూ వానలకు ముందు ఆరు బోట్లనూ ఒడ్డుకు ఎక్కించి, అంగుళం అంగుళం రూపాయి బిళ్లతో తట్టి చూసి, రిజిస్టరులో 'బాడీ బాగుంది' అని సంతకం చేయాల్సింది నేను. రెండేళ్లు చేశాను. మూడో నంబరు బోటుకు కూడా. స్టిక్కర్ల మీద తడితే చప్పుడు సరిగా పలకదు. అందుకని వాటి చుట్టూ తట్టేవాణ్ని. అక్కడ అనుమానం వస్తే స్టిక్కరు ఎత్తి చూడాలని నాకు తెలుసు. అనుమానం రానివ్వలేదు. అది నా స్నేహితుడి బోటు, అతను బిడ్డలా చూసుకునే బోటు. ఇంకేం ఉంటుందిలే అనుకున్నాను. పగులు సంగతి బయటపడితే, అతని పేరు తర్వాత అడిగేది నా సంతకం గురించే.

నీళ్ల కుండ దగ్గర నిలబడి ఇదంతా ఆలోచించాను. తర్వాత మేనేజరు గదికి పోయాను. అప్పటికి ఆయన వచ్చి మూడు నెలలు కాలేదు. ఓపెనింగు పనులతో ముఖం పీక్కుపోయి ఉంది.

"సార్, మూడో నంబరు ఓపెనింగుకు రాదు."

"ఎందుకు రాదు?"

"స్టిక్కర్ తీసేటప్పుడు గన్ను ఎక్కువసేపు వెట్టిన. బాడీ కాలింది. పదిహేనిరవై దినాలు షెడ్ల ఉండాలె."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఇరవై ఏండ్ల సర్వీసు పెట్టుకొని స్టిక్కర్ తియ్యరాదా నీకు? ఆరు బోట్లని పెద్దసారుకు రాసిచ్చిన. ఆరుగురు డ్రైవర్లకు కొత్త డ్రెస్సులు కుట్టిచ్చిన. ఇప్పుడు అయిదే అని ఏ నోటితోటి చెప్పాలె?"

"తప్పయింది సార్."

ఆయన కాసేపు అటూ ఇటూ నడిచి, చల్లబడి, నా దగ్గరికి వచ్చాడు. "సరే, కాలితే కాలింది. కాలినంతమాత్రాన మునుగుతదా? పైన రంగు కొట్టి కొత్త స్టిక్కరేసెయ్. ఒక్క పొద్దు నడుపుదాం. మర్నాటికెల్లి నెల రోజులు షెడ్ల పెట్టుకో, నేనేమన."

అబద్ధం ఆడటం అలవాటు లేని వాడి అబద్ధం ఇట్లాగే ఉంటుంది. ఒకవైపు కప్పితే ఇంకోవైపు తేలుతుంది. కాలిన జెల్‌తో బోటు మునగదన్నది నిజమే. ఆ మాత్రం ఆయనకూ తెలుసు. నేను "చూస్తా సార్" అని బయటికి వచ్చాను.

నిజం చెబితే ఇద్దరి నౌకరీ మీదికీ వస్తుంది. చెప్పకపోతే నాలుగో రోజు పొద్దున ఆ బోటులో బడిపిల్లలు ఎక్కుతారు. రెండేళ్లు మునగనిది ఆ ఒక్క పూటకు మునుగుతుందా అని నాలో ఒక గొంతు అడిగింది కూడా. అది పుట్టీ ఊడకముందు మాట. ఇప్పుడు ఆ పగులు నోరు తెరుచుకొని ఉంది.

షెడ్డులోకి పోయి గ్రైండరు తీశాను. పగులు చుట్టూ రెండు జానల మేర పెన్సిలుతో గీశాను. కోశాను. ఫైబర్ పొడి తెల్లగా లేచి కళ్లలో, మెడలో, చొక్కా నిండా పడింది. ఆ దురద ఫైబర్ పని చేసినవాళ్లకు తెలుసు. ముక్క చేతిలోకి వచ్చింది. ఎంత గట్టిగా ఉందో చూద్దామని రెండు చేతులతో కొంచెం వంచాను. బలం పెట్టలేదు. ఎండిన రొట్టెలా రెండు తునకలైంది. లోపలి పొరలు తడిసి నల్లబడి ఉన్నాయి. అతను లోపలివైపు చెయ్యి పెట్టి చూసుకున్న చోటు ఇంకా పొడిగానే ఉంది. తడి ఆ ఒక్క పొర దాకా వచ్చి ఆగి ఉంది.

ఆ తునకలు ఎవరి కంటా పడకుండా గోనెసంచిలో వేశాను.

గ్రైండరు చప్పుడుకు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. బోటు ముందుభాగంలో తలపట్టేంత రంధ్రం. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. ఆఖరుకు మాత్రం "నీకేమన్న పిచ్చి లేసిందా?" అని అడిగాడు.

"కాలిన కాడ కోసి కట్టాలె సార్. గట్లనే చేస్తరు" అన్నాను. ఫైబర్ గురించి ఆయనకు నేను చెప్పిందే వేదం. ఆ నమ్మకాన్ని ఒక్కసారి ఇట్లా వాడుకున్నాను.

ఓపెనింగు రోజు పొద్దున బాజాలు వచ్చాయి. నన్ను ఎదురు కనబడొద్దని చెప్పారు. షెడ్డు తలుపు దగ్గరికి వేసుకొని, కట్టు పని మొదలుపెట్టడానికి బోటు లోపల కూర్చున్నాను. నేను కోసిన రంధ్రంలోంచి జలాశయం కనిపించింది. కొత్త స్టిక్కర్లతో అయిదు బోట్లు ఒకదాని వెనక ఒకటి పోయాయి. పిల్లల కేకలు నీళ్ల మీదుగా షెడ్డు రేకులకు తగిలాయి. ఎవరికీ ఏమీ కాలేదు. మూడో నంబరు కొత్త డ్రెస్సు వేసుకొని జెట్టీ చివర నిలబడి, వచ్చిన బోట్ల తాళ్లు పట్టుకుంటున్నాడు. అందరి బోట్లూ నీళ్లలో ఉంటే డ్రైవరు గట్టు మీద నిలబడటం ఎంత నామర్దానో అతని భుజాలు చూస్తేనే తెలిసింది. మనసులో నన్ను తిట్టుకుంటున్నాడేమో అనిపించింది. అవును, ఆ రోజు నాకు కావాల్సింది అతని కృతజ్ఞత. అది కనబడలేదు.

నాకు మెమో ఇచ్చారు. 'అజాగ్రత్త వల్ల బోటు కాల్చినందుకు' అని. భార్యకు ఫోను చేస్తే ఆమె ముందు నమ్మలేదు. "చాయ్ గిలాస వేడిగుంటెనే ముట్టుకోని మనిషివి, నువ్వు బోటు కాలవెట్టినవా?" అంది. అప్పుడు మూడో నంబరు సంగతి చెప్పాను. "మంచి పని చేసినవ్ తియ్యి. ఒకని కడుపు కొట్టలె" అంది. ఆ మెప్పు మింగుడుపడలేదు. ఎవరి కడుపు నేను ముందు కాపాడుకున్నానో ఆమెకు తెలియదు. చెబుదామని నోరు తెరిచాను. లైను బాగుంది, ఇబ్బందేం లేదు. చెప్పలేదు.

కట్టు పని పద్దెనిమిది రోజులు పట్టింది. అంచులు పలచగా అరగదీసి, బల్బు పెట్టి ఆరబెట్టి, బట్టలాంటి ఫైబర్ మ్యాట్ పొర మీద పొర పరిచి, అది గట్టిపడేందుకు రెసిన్ జిగురు పట్టించి, గాలి బుడగలు లేకుండా రోలరుతో ఒత్తి, పైన జెల్. మొదటి రోజుల్లో అతను వచ్చి మ్యాట్ పట్టుకునేవాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా పనిచేశాం. ఒకసారి రెసిన్ డబ్బా అందిస్తూ "కాలవెట్టిన్నని ఎందుకు చెప్పినవే అన్నా?" అన్నాడు. నేను "పని చూడు" అన్నాను. అదే నేను చేసిన రెండో తప్పు. అప్పుడు "నా సంతకం కూడా ఉన్నదిరా" అని ఉంటే ఇద్దరం సమానమయ్యేవాళ్లం. చెప్పకుండా అతన్ని నాకు బాకీపడ్డవాణ్ని చేశాను.

బోటు నీళ్లలోకి దిగిన రోజు అతను దాన్ని ఒక చుట్టు తిప్పి తెచ్చి, నా వైపు చూసి తల ఊపాడు. ఆ మధ్యాహ్నం అన్నం వండి కూర్చున్నాను. రాలేదు. మరునాడూ రాలేదు. మూడో రోజు చూస్తే బోటులోనే, నా షెడ్డుకు వీపు పెట్టి తింటున్నాడు.

నేను పోయి పిలవొచ్చు. యాభై అడుగుల దూరం. అతని కోసం మెమో తీసుకున్నది నేను, అతనే రావాలి అనుకున్నాను. ఉపకారం పొందినవాడు నా ముఖం రోజూ ఎట్లా చూస్తాడన్నది ఆలోచించలేదు. జెట్టీ మీద నమస్తే అంటే నమస్తే. ఇంజను ఆయిలు సంగతులు. అంతే. ఆరేళ్లు గడిచాయి. మధ్యలో అతని బిడ్డ పెళ్లయింది. కార్డు ఇచ్చాడు, పోయాను, భోజనం చేసి వచ్చాను. ఎవరి పక్కన కూర్చున్నానో కూడా గుర్తులేదు.

నా మెమో పుణ్యమా అని ఒక రూలు కూడా వచ్చింది. ఇకముందు ఏ యూనిట్‌లోనూ బోట్ల మీద వేడిగాలి గన్ను వాడరాదు. తర్వాత రెండుసార్లు స్టిక్కర్లు మార్చారు. రెండుసార్లూ నేను కిరసనాయిలు గుడ్డతో, బొటనవేలి గోటితో వారాల తరబడి రుద్దాను. పక్క యూనిట్ల కుర్రమిస్త్రీలు ఫోనుచేసి, "ఎవడో పాతకాలపోడు బోటు కాలవెట్టిండంట, వాని పాపం మాకు తగిలింది" అని నాకే చెప్పుకునేవారు. అవునయ్యా అనేవాణ్ని.

రిటైరైన రోజు షెడ్డులోనే చిన్న సభ పెట్టారు. మళ్లీ ఒక కొత్త మేనేజరు, వయసులో నా బిడ్డంత. నా సర్వీసు పుస్తకం తిరగేసి వచ్చినట్టున్నాడు. శాలువా కప్పి, సరదాగా అన్నాడు: "ఇరవై ఆరేళ్లలో మన మిస్త్రీగారు చేసిన పొరపాటు ఒక్కటే. ఒక బోటు కాల్చారు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వెనక వరుసలో మూడో నంబరు లేచి నిలబడ్డాడు.

"అది కాలలె సార్."

నవ్వులు ఆగాయి. అతని చేతులు ముందు కుర్చీని గట్టిగా పట్టుకొని ఉన్నాయి. "పర్రె వట్టింది. నేనే గోడకు గుద్దిన. స్టిక్కరేసి దాసిపెట్టిన. రెండేండ్లు గట్లనే నడిపిన. అన్న సూసిండు. నన్ను కాపాడనీకే తన మీదేసుకుండు. ఈ మాట ఎన్నడో చెప్పేదుండె."

నౌకరీకి ఇంకా మూడేళ్లున్న మనిషి అందరిలో నిలబడి ఆ మాట అన్నాడు. అని, నా వైపు చూశాడు. ఆ చూపులో అడగడమేమీ లేదు. అయినా నా వంతు వచ్చిందని నాకు తెలిసింది. ఆ రెండేళ్లూ 'బాడీ బాగుంది' అని రాసింది నేనే అని లేచి చెప్పాలి. రెండు మాటలు. నాకు పోయేది కూడా ఏం లేదు, ఆ సాయంత్రానికి నేను రిటైరైనవాణ్ని. మెడలో దండ ఉంది. ఒళ్లో శాలువా ఉంది. నేను లేవలేదు.

కుర్రమేనేజరు ఏమనాలో తెలియక అటూ ఇటూ చూశాడు. "సరే సరే, ఎప్పటి సంగతో. కూర్చోండి, చాయ్ వస్తోంది" అన్నాడు. చాయ్ వచ్చింది. ఎవరో బిస్కెట్లు పంచారు. ఎవరూ దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆరేళ్లు మేమిద్దరం ఎవరి మూల వాళ్లం కూర్చొని మోసింది, అక్కడ చాయ్ చల్లారేంతసేపు కూడా నిలవలేదు.

నా పెట్టె అతనే భుజాన వేసుకొని రోడ్డు దాకా వచ్చాడు. బస్సు కోసం రాయి మీద కూర్చున్నాం. ఆరేళ్ల తర్వాత పక్కపక్కన. అతని ముఖం తేటగా ఉంది.

"ఇప్పుడు నిమ్మళమైందన్నా" అన్నాడు.

"తమ్మీ, ఒక మాట" అన్నాను.

"చెప్పే."

బస్సు మలుపు తిరిగి వచ్చేది కనబడుతోంది. "బోటు పైలం" అన్నాను.

"నాకు చెప్పాల్నా" అని నవ్వాడు. పెట్టె పైకి అందించాడు. కండక్టరు విజిల్ ఊదాడు. కిటికీలోంచి చూస్తే అతను అప్పటికే జెట్టీ దిక్కు గబగబ నడుస్తున్నాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని మలుపు దాకా చూశాను. చూడలేదు. జనం వచ్చి నిలబడి ఉంటారు, మధ్యాహ్నం రెండు గంటల ట్రిప్పు అతనిదే.